నూరు దాటని జ్వరం

మొన్న మనవరాలికి ఒళ్లు వెచ్చబడితే కోడలు దాని చంకలో ఒక తెల్లటి ప్లాస్టిక్ పుల్ల పెట్టింది. అది కాసేపటికి కీచుమని అరిచి చిన్న అద్దంలో ముప్పై ఎనిమిదిన్నర అని చూపించింది. "ఏం ఫర్వాలేదత్తమ్మా" అని కోడలు అంటూనే ఉంది, నేను పిల్లను ఒళ్లోకి లాక్కొని మంచం పట్టె మీద కూర్చున్నాను. నా అవస్థ చూసి ఆమె ఏదో మీట నొక్కింది, అంకె మారి నూటొకటి మీద చిల్లర వచ్చింది. అదే పిల్ల, అదే జ్వరం, నాకు మాత్రం అప్పుడు ఊపిరాడింది. ఎండ నలభై నాలుగంటే ఒప్పుకుంటావు, జ్వరం దగ్గరికొచ్చేసరికి పాత లెక్క కావాలంటావేమని మావాడు నన్ను ఆటపట్టించాడు. అదేమో చెప్పాలంటే మా చెల్లె రాజవ్వ సంగతి మొత్తం చెప్పాలి.

మేం పెరిగింది ఆదిలాబాదు జిల్లాలో, గోదారికి అవతల, బొగ్గుబాయిల పక్కన వేసిన క్వార్టర్ల లైన్లలో. చొప్పదండి దగ్గర వానకు ఎదురుచూసే రెండెకరాల చెలక వదిలి మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, బొగ్గుబాయి పనికి వచ్చాడట, మా కుడిపక్క ఇంటివాళ్లు మరాఠీ మాట్లాడేవాళ్లు, ఎడమపక్క మేం పిన్ని వరసన ఖాలా అని పిలిచే జైనాబీ, అందరి గోడలూ ఒకటే, అందరి పొయ్యిల్లోనూ ఒకటే బొగ్గు, పొద్దున బాయి సైరను కూత కాగానే లైన్లన్నిటి మీదా లేచే ఆ పొగ వాసనే నాకు ఇప్పటికీ ఇల్లు అంటే గుర్తొచ్చే వాసన. ఎండకాలం అడవి వైపు నుంచి ఇప్పపూల మత్తు వాసన గాలిలో వచ్చేది, వాకిట్లో నులక మంచాల మీద తడి దుప్పట్లు కప్పుకొని పడుకునేవాళ్లం, వానలు పడితే మక్కకంకులు బొగ్గుల మీద కాల్చుకొని మూతులు నల్లగా చేసుకునేవాళ్లం, పెత్రమాస, అదే పితృఅమావాస్య, వచ్చేసరికి కట్టల మీద తంగేడు విరగపూసేది, సద్దుల బతుకమ్మనాడు మా అమ్మ, మా పిలుపులో అవ్వ, దంచే నువ్వులపొడి, మలీదముద్దలు మూడిళ్ల అవతలికి వాసన కొట్టేవి.

లైను మొత్తానికి ఒక్కటే థర్మామీటరు, అది జైనాబీ ఖాలాది. ఆమె పెనిమిటి దవాఖానాలో పనిచేసి చనిపోయాడు, పోతూ ఆమెకు మిగిల్చిన విలువైన వస్తువు అదొక్కటేనని ఆమె అంటుండేది. రేకు డబ్బాలో దూది పరుపు మీద దాన్ని పడుకోబెట్టేది. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ఖాలా తల మీది ముసుగు సర్దుకుంటూ వచ్చి, దాన్ని విదిలించి, నాలుక కింద పెట్టి, వెలుతురు వైపు తిప్పి తిప్పి చూసి, వాకిట్లో నిలబడి అంకె గట్టిగా చెప్పేది. నూరు లోపలైతే తల్లులు పిల్లను తిట్టి బడికి పంపేవాళ్లు. నూటొకటికి మిరియాల కషాయం, నూటరెండుకు జావ, నూటమూడుకు నుదుటి మీద తడిగుడ్డ, నూటనాలుగంటే మాత్రం ఆడవాళ్లు మాటలాపేసేవాళ్లు, మగవాళ్లు దవాఖానా వైపు నడిచేవాళ్లు. నూరు మాకు ఊరి పొలిమేర లాంటిది, ఇవతల ఉంటే క్షేమం, దాటితే భయం. అంకెను మేం అంకెగా నేర్చుకోలేదు, దానితోపాటు అవ్వ ముఖం ఎలా మారుతుందో, ఇంట్లో గొంతులు ఎలా తగ్గుతాయో కూడా నేర్చుకున్నాం.

నా చిన్నతనంలో అన్ని లెక్కలూ మారిపోతున్నాయి. అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, సేరు పోయి కిలో వచ్చింది, అంగట్లో ఖాలా రోజూ పంచాయితీ పెట్టేది. కొత్తది ఏది వచ్చినా పాతదానికంటే తక్కువే తూగుతుందని ఆమె గట్టి నమ్మకం. మేం పిల్లలం ఆమె గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్లం.

ఒక భాద్రపదంలో రాజవ్వకు జ్వరం పట్టుకుంది. నాకంటే మూడేళ్లు చిన్నది, ఒక్క క్షణం కుదురుగా కూర్చోని పిల్ల, గోడ వైపు తిరిగి పడుకొని ఉండిపోయింది. డాక్టరు చూసి పేగుజ్వరమన్నాడు, మందిచ్చాడు, జ్వరం పూర్తిగా విడిచేదాకా గట్టి తిండి పెట్టొద్దన్నాడు. ఖాలా పొద్దుమాపూ వచ్చి చూసేది, నూటమూడు, నూటనాలుగు, మళ్లీ నూటమూడు. నూటనాలుగు చూసిన ఒక సాయంత్రం ఆమె కంగారులో థర్మామీటరును పొయ్యి మీద మరుగుతున్న నీళ్లతో కడిగింది, అది టప్పున పగిలి పాదరసం గచ్చు మీద ముత్యాల్లా దొర్లింది. భర్త మళ్లీ పోయినట్టు ఏడ్చింది పాపం.

మర్నాడు బాపు షిఫ్టు మానుకొని రైలెక్కి మంచిర్యాలకు పోయి కొత్త థర్మామీటరు కొనుక్కొచ్చాడు. బాపుకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు, బొగ్గు టబ్బుల మీద రాసిన నంబర్లు చూసి చూసి నేర్చుకున్నవి. ఖాలా చేసినట్టే విదిలించి రాజవ్వ నాలుక కింద పెట్టాడు, వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టాడు, చాలాసేపు చూశాడు.

"నూరు ఊసే లేదే దీంట్ల. ముప్పైతొమ్మిది కాడ ఆగింది" అన్నాడు.

అవ్వ పరుగున పోయి రాజవ్వ నుదురు ముట్టుకుంది. పొద్దున వేసిన గోలీకి అప్పుడే చెమట పట్టి ఉంది, ఆమె చేతికీ చల్లగానే తగిలింది. "అవునయ్యా, ఒళ్లు సల్లగైంది, జరం ఇడిసింది నా బిడ్డకు" అని కొంగుతో దాని ముఖం తుడిచింది. ఆ గాజుగొట్టం అంచున చిన్నగా ఏదో ఇంగ్లీషు అక్షరం ఉందని ఎవరూ చూడలేదు, చూసినా మాలో దాన్ని చదివేవాళ్లు లేరు. అన్నీ కొత్తగా మారిన రోజుల్లో ఈ కొలత కూడా మారి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

మా వైపు జ్వరం విడిచిన బిడ్డకు వేపాకు కాచిన నీళ్లు పోసి, పత్తెం పెట్టి, లైనులో పిల్లలకు పుట్నాలు బెల్లం పంచుతారు. బాపు తువ్వాలలో పుట్నాలు పోసుకొని ఇల్లిల్లూ తిరిగాడు. ఎన్నడూ పెద్దగా మాట్లాడని మనిషి, ఆ పొద్దు ప్రతి గడప ముందూ నిలబడి "మా పిల్లకు దిగింది, ముప్పైతొమ్మిదికొచ్చింది" అని చెప్పాడు. అవ్వ రాజవ్వకు తలంటి, మెత్తని బువ్వలో చారు పోసి కలిపి పెట్టింది. అది నాలుగు ముద్దలు తిని "అవ్వా, ఇగ సద్దులకు నేను ఆడచ్చు గద?" అని అడిగింది. ఆడొచ్చు బిడ్డా అంది అవ్వ.

మరుసటి రోజు దాని కడుపు ఉబ్బింది. దవాఖానాకు ఎత్తుకుపోయారు, అక్కడే పోయింది. మంచం పక్కన నిలబడి బాపు తన గాజుగొట్టం తీసి చూపిస్తే కంపౌండరు దాన్ని తిప్పి చూసి, ఇది కొత్త డిగ్రీల లెక్క, ఇందులో ముప్పైతొమ్మిదంటే మన నూటరెండు అని మెల్లగా చెప్పాడు.

తర్వాత బాపు చాలా ఏళ్లు బతికాడు. రేడియోలో ఎండ నలభై నాలుగని చెబితే లేచి అవతలికి పోయేవాడు, కొత్తవాళ్లు దాన్ని ముసలాయన మొండితనమనుకునేవాళ్లు. నేను పెళ్లయి కరీంనగర్‌లో స్థిరపడ్డాక ఒక పెద్ద డాక్టరును అడిగాను. ఆ జబ్బులో పేగు పుండుపడి దానంతటదే చిల్లిపడుతుందని, నీళ్లూ బువ్వా అందుకు కారణం కావని ఆయన చెప్పాడు. వెంటనే బస్సెక్కి పోయి బాపుకు చెప్పాను. బరువు దింపుతున్నానని నా సంబరం.

బాపు అంతా విన్నాడు. "డాక్టరు సాబు అబద్ధమెందుకు చెప్తరు బిడ్డా. నీళ్లతోని సావలేదు, బువ్వతోని సావలేదు. గాని గా పొద్దు నేను లైనంత నవ్వుకుంట తిరిగిన" అన్నాడు.



కిందటేడు ఒక పెళ్లికని పోయి ఆ దారిన కారు ఆపించాను. లైన్లు లేవు, ఖాలా ఇల్లు లేదు, బొగ్గు పొగ లేదు, వాకిట్లో నిలబడి అంకె చెప్పే గొంతు లేదు. ఓపెన్‌కాస్టు గని కోసం ఆ నేలంతా తోడేశారు, పైకి తీసిన మట్టి గుట్టలుగా పడి ఉంది. వాగు గడ్డన రాజవ్వను పూడ్చిపెట్టిన జాగా ఏదని మట్టిలారీ నడిపే అబ్బాయిని అడిగితే, వాగునే మళ్లించారమ్మా అన్నాడు. బొగ్గుతోపాటు మా రాజవ్వనూ తవ్వుకుపోయారు. బాపు ఇది చూడకుండా పోయినందుకు దేవుడికి దండం పెట్టుకొని కారెక్కాను.