చిమటలు విడిచిన అంగీలు

తంగళ్ళపల్లి పుష్పకు చిమటల అరుపు వినబడదు. ఎండలు ముదిరి తొలివాన పడిందంటే చాలు, ఆ పురుగులు వేపచెట్లను కరుచుకుని చెవులు గింగుర్లెత్తేలా అరుస్తాయి. ఊళ్ళో వాళ్ళు విసుక్కుంటారు. పుష్ప మాత్రం చెట్టు కింద నిలబడి, "అరుస్తున్నయా?" అని పక్కవాళ్ళను అడుగుతుంది.

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. పద్నాలుగో ఏట సాంచల షెడ్డులో నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది పుష్ప. ముప్పై రెండేళ్ళు, రోజుకు పది గంటలు, ఇరవై సాంచల మోత పక్కన కూర్చుంటే చెవుల్లో ఇంకేం మిగులుతుంది? గట్టిగా మాట్లాడితే మాట వినబడుతుంది. సన్నని చప్పుళ్ళు ఏనాడో పోయాయి. ఆ షెడ్డు మీద ఆమెకు కోపమే. కోపం దాచుకునే మనిషి కూడా కాదు.

చెవులకు అందనిదాన్ని కళ్ళతో పట్టుకుంది. చిమట పిల్ల ఏళ్ళ తరబడి మట్టిలో బతికి, ఒకనాడు పైకొచ్చి, చెట్టెక్కి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటపడుతుంది. విడిచిన డొల్ల మాత్రం కాండాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. షెడ్డు వెనక ఎనిమిది వేపచెట్లున్నాయి. మధ్యాహ్నం అక్కడ సద్ది తింటూ పుష్ప ఆ డొల్లలను ఏరడం మొదలుపెట్టింది. వాటిని అంగీలనేది.

ఆమె భర్త మొండయ్య దగ్గర ఒక మడత అద్దం ఉంది. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయో లెక్కపెట్టే అద్దం అది. దాని కింద డొల్లను పెట్టి చూసింది. మట్టి తవ్వే ముందుకాళ్ళ అంచున, దువ్వెనకున్నట్టు వరసగా చిన్న పళ్ళు కనిపించాయి. కొన్ని డొల్లలకు ఐదు, కొన్నిటికి ఎనిమిది. సైజూ ఒకటే, రంగూ ఒకటే, పళ్ళ లెక్కే తేడా. మర్నాడు ఇంకో ఇరవై చూసింది. ఐదో ఎనిమిదో తప్ప నడుమ లెక్క ఒక్కదానికీ రాలేదు.

"పురుగుల పొట్టు తెచ్చి ఇల్లంత నింపుతున్నవ్. నీకేమన్న పిచ్చా?" అన్నాడు మొండయ్య.

"గిన్నేండ్ల సంది పోగులు లెక్కవెట్టుకుంట బతికినోళ్ళం. గీ పండ్లు లెక్కవెట్టరాదా నాకు?"

అలా మూడు వానాకాలాలు ఏరింది. కానీ ఒక పొరపాటు చేసింది, అది నేతపని వాళ్ళకు తప్ప ఇంకొకరికి తోచదు. డొల్లలు పెళుసు, ముట్టుకుంటే కాళ్ళు విరుగుతున్నాయి. పడుగు పోగు తెగకుండా గంజి పెట్టడం ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పళ్ళు లెక్కపెట్టి రెండు రకాలుగా వేరుచేసిన డొల్లలను కూడా చిక్కటి గంజిలో ముంచి ఆరబెట్టింది. గట్టిపడ్డాయని మురిసిపోయింది.

ఈ ఏడు జూన్‌లో నర్సింగ్ రావు సారు వచ్చారు. కోరుట్ల మనిషి, ఒకప్పటి దొరల ఇల్లు, రిటైరైన జంతుశాస్త్రం లెక్చరర్. ఈ చుట్టుపక్కల చిమటల మీద పుస్తకం రాస్తున్నారు. జగిత్యాల కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు మనస్విని కారు నడుపుకుంటూ తీసుకొచ్చింది. సారు వేపచెట్ల కింద పావుగంట కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచి, "ఒకే రకం" అని నోట్‌బుక్కులో రాసుకున్నారు.

సద్ది తింటున్న పుష్ప చెయ్యి కడుక్కుని లేచి వచ్చింది. సంగతి అడిగి తెలుసుకుంది.

"తప్పు రాసిండ్రు సారూ. గీడ రెండు రకాలున్నయ్."

"నీకెవరు చెప్పిండ్రమ్మా?"

డొల్లలు దాచిన కండెల డబ్బా కోసం ఆమె షెడ్డులోకి పోగానే, ఆమెకు చిమటల అరుపు వినబడదని షెడ్డు వాళ్ళు సారుకు చెప్పారు. ఆమె డబ్బా తెచ్చి మూత తీసింది. సారు ఒక డొల్లను తీసి వెలుతురులో తిప్పి చూసి, నవ్వారు.

"గంజి వెట్టినవా? సందులన్ని పూడ్కపోయినయ్, పండ్లెక్కడ కనవడ్తయి? అన్ని పాడుజేసినవ్. అయినా చిమటను గుర్తువట్టేది గొంతుతోని. నీకేమో ఇనవడదంటున్నరు, నువ్వెట్ల గుర్తువడ్తవ్?"

చుట్టూ చేరిన షెడ్డు వాళ్ళు కిసుక్కుమన్నారు. మూడేళ్ళ కష్టాన్ని తన చేతులతోనే చెడగొట్టుకున్నానా అనుకుంది పుష్ప. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆ మంట చల్లారకముందే కోపం వచ్చింది. గంజి పెట్టడం తెలిసినదానికి గంజి దించడం తెలియదా?

చాయ్ పొయ్యి మీద నీళ్ళు గోరువెచ్చగా కాచి, రకానికొక డొల్లను అందులో వేసింది. నూలు కుచ్చుతో మెల్లగా అద్దుతూ కూర్చుంది. సారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆమె తల ఎత్తలేదు. గంజి కరిగాక, డొల్లలను బట్ట మీద పెట్టి, డబ్బాలోంచి మడత అద్దం తీసి పైన నిలబెట్టింది.

"లెక్కవెట్టుండ్రి."

సారు వంగి లెక్కపెట్టారు. ఐదు. రెండోదానికి ఎనిమిది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పండ్లు వేరే ఉండచ్చు. కాని ఇక్కడ గొంతు ఒక్కటే ఉన్నది. నలబై ఏండ్ల సంది వింటున్న నేను."

"రెండున్నయి బాపూ," అంది మనస్విని.

"ఏది?"

"ఇప్పుడు గూడ అరుస్తున్నది. బాగ సన్నటి గొంతు. గది కీచురాయనుకొని నువ్వు లెక్కల వెట్టలేదనుకున్న. నీకు ఇనవడ్తలేదా?"

సారు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. ఇంకో చెట్టు కిందికి నడిచారు. కూతురు వేలు చూపించిన కొమ్మ కింద నిలబడి, నోరు కొంచెం తెరిచి, ఊపిరి బిగబట్టారు. ఆయనకు డెబ్బై ఏళ్ళు. వయసు మీదపడితే ముందు పోయేది సన్నని చప్పుళ్ళే. ఆ సంగతి ఎన్నిసార్లు పాఠంగా చెప్పి ఉంటారో గాని, తన చెవుల గురించి అనుకోలేదు.

ఆ ముఖాన్ని పుష్ప ఎరుగును. ఇరవై ఏళ్ళ కిందట ఇదే చెట్టు కింద ఆమెదీ అదే ముఖం. జాలేసింది. వదిలిపెట్టలేదు.

"నాకు ఇనవడదు సారూ, మీకూ ఇనవడదు. నాకు ఇనవడదని నాకెరుక, గందుకే అంగీలు ఏరిన. కొట్టేసి రాయుండ్రి, రెండు రకాలని."

సారు నోట్‌బుక్కు తెరిచారు. "ఒకే రకం" అన్న మాట మీద అడ్డగీత గీసి, "రెండు రకాలు" అని రాశారు.

"ఎవరు కనిపెట్టిండ్రని రాయాలె?"

"కండెలు చుట్టే పుష్ప అని రాయుండ్రి. చెవిటిదని గూడ రాయుండ్రి. నవ్వినోళ్ళు సదువుకోవాలె."

కిసుక్కుమన్నవాళ్ళు ఈసారి నేల చూశారు. సారు రాసి నోట్‌బుక్కు మూయబోయారు. పుష్ప చెయ్యి అడ్డం పెట్టింది. మడత అద్దాన్ని ఆ కాగితం మీద నిలబెట్టి, "రెండు" అన్న మాట మీదా, తన పేరు మీదా ఒక్కో అక్షరం చూసుకున్నాకే మూయనిచ్చింది.