అత్తమ్మ గడ్డ, నేను దాచిన నెయ్యి

మా అత్తమ్మ వీపు మీది కొవ్వుగడ్డను రెండేళ్ళ కిందట ఆపరేషన్ చేసి తీశారు. అది మళ్ళీ అక్కడే లేచింది. సూదిపరీక్ష రిపోర్టు కోసం ఈ రోజు కోలారు వెళ్ళాం. బస్సులో దారంతా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"భయం లేదమ్మా, క్యాన్సర్ కాదు. పోయినసారి కొంచెం మిగిలిపోయి మళ్ళా పెరిగిండాది. ఈసారి పొరతో సహా తీసేస్తాం," అన్నారు డాక్టరు.

అత్తమ్మ ఆపరేషన్ గురించి ఏమీ అడగలేదు. "నెయ్యి తింటే వస్తాదా సార్ ఇది?" అంది.

"దానికీ దీనికీ సంబంధమే లేదమ్మా."

"కొవ్వుగడ్డ అని మా కోడలు రెండేళ్ళుగా రాగి సంగట్లోకి నెయ్యే ఎయ్యలేదు సార్. ఇంగ మీరే చెప్పండి దానికి."

డాక్టరు చెప్పారు. నర్సు కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక నెయ్యి డబ్బా అత్తమ్మ మంచం పక్కకు మారింది. పప్పు తాళింపుకు నేనే అడిగి తెచ్చుకున్నాను. డాక్టరును అడగకుండా సొంత వైద్యం చేసిన కోడళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?