గ్లాసుల్లో మా బావి

మనిషి నోరు విప్పలేకపోయినా ఆ మనిషి చేతులతో చేసినదేదో మాట్లాడుతుందని గట్టిగా నమ్మిన వయసు ఒకటుండేది నాకు. ఆ నమ్మకంతోనే నగరానికి వెళ్ళి సమకాలీన కళలో పీజీకి చేరాను. తీరా చేరాక తెలిసింది, అక్కడ చేతుల కన్నా నోటికే పని ఎక్కువని. బొమ్మ వెయ్యడం ఒక వంతు, దాని గురించి చెప్పడం మూడు వంతులు. క్లాసులో నా పేరు పిలిచినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని (ఆ కిటికీ అవతల ఉన్నది గోడ). ఆఖరి సెమిస్టరులో, చేసిన పనిని రకరకాల ప్రేక్షకులకు అందించడం అని ఒక పేపరు పెట్టారు. పరీక్ష ఎవరి ఊళ్ళో వాళ్ళకే. నా సంగతి తెలిసిన గైడు మేడమ్, నువ్వు మాట్లాడక్కర్లేని పనేదైనా చెయ్యి, చూసినవాళ్ళ ఒంటికే తెలిసిపోవాలి అన్నారు. ఆ మాట పట్టుకుని నేను మా ఇంటి బావిని ఎంచుకున్నాను.

మాది సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో ఊరు. నా చిన్నప్పుడు మా బావి నీళ్ళ కోసం వీధి వీధంతా బిందెలతో వచ్చేది. పక్కనున్న వరిచేను బాబాయి రొయ్యల చెరువుగా తవ్వించాక నీళ్ళు ముందు చప్పబడ్డాయి, తర్వాత ఉప్పెక్కాయి (మధ్యలో కొన్నాళ్ళు మా ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది). ఇప్పుడు ఆ నీళ్ళతో బట్టలుతుకుతాం, తాగడానికి ఆటోలో టిన్ను నీళ్ళు వస్తాయి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బాబాయి వచ్చినప్పుడు అమ్మ టిన్ను నీళ్ళే చెంబులో పోసి ఇస్తుంది. ఆయన తాగి, వదినగారి చేతి నీళ్ళ రుచే వేరంటారు. నాన్న ఒకప్పుడు పంటు మీద పనిచేసి ఏటికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ జనాన్ని దాటించేవారు. మోకాళ్ళు పట్టేశాక బాబాయి రొయ్యల చెరువు దగ్గరే కాపలాకి కుదిరారు.

నేను చేసిన పని చాలా చిన్నది. పాత పడవ చెక్క ఒకటి మా అరుగు మీద పరిచి, దాని మీద వరసగా గాజు గ్లాసులు పెట్టి, బావి నీళ్ళు నింపాను. పక్కన అట్టముక్క మీద ‘తాగండి’ అని రాశాను. అంతే. తాగినవాళ్ళ మొహం చిట్లుతుంది కదా, ఆ చిట్లడమే నా కళాఖండం. అయినా మాట్లాడాల్సి వస్తుందేమోనన్న భయంతో డైరీలో మూడు రకాల వివరణలు రాసుకున్నాను. పరీక్షకుల కోసం రాసినది నాకే అర్థం కాలేదు. బడిపిల్లల కోసం రాసినది ఫర్వాలేదు. ఇంట్లోవాళ్ళ కోసం రాసినది మాత్రం ఒక్క వాక్యం దాటలేదు: ‘బాబాయ్, ఇవి మన బావి నీళ్ళు.’ ఆ వాక్యం ఆయన ఎదురుగా ఒక్కసారి పలకాలన్నదే, నిజానికి, నా చదువు మొత్తానికీ లక్ష్యం.

పరీక్షకుడు గైడు మేడమ్‌తో కలిసి నర్సాపురంలో రైలు దిగి, పంటు మీద ఏరు దాటి వచ్చారు. ఎక్కడికెళ్ళినా భుజాన గుడ్డసంచీ ఉంటుంది కాబట్టి విద్యార్థులం ఆయనకి సంచీ సారు అని పేరు పెట్టుకున్నాం. నేను రేవుకి ఎదురెళ్ళి వాళ్ళని తీసుకొచ్చేసరికి మా అరుగు పెళ్ళివారి విడిదిలా ఉంది. వీధిలోవాళ్ళు, బడిపిల్లలు, అందరి మధ్యలో కుర్చీలో తెల్లచొక్కా బాబాయి. మా అన్నయ్య కూతురండి, చిన్నప్పట్నించీ బొమ్మలు బాగా వేస్తాదండి, అని ఆయనే నన్ను నా పరీక్షకుడికి పరిచయం చేశారు.

సంచీ సారు అట్టముక్క చదివి, తల పంకించి, గ్లాసు ఎత్తారు. ఆయన మొహం చిట్లలేదు, విచ్చుకుంది. గ్లాసు ఖాళీ చేసి ఇంకోదానికి చెయ్యి చాచారు. పిల్లలు పోటీపడి తాగుతున్నారు. (నవ్వకండి, ఒక్క క్షణం మా బావి బాగుపడిపోయిందనుకున్నాను. కళకి అంత శక్తి ఉంటుందని మాకు క్లాసులో చెప్పారు కూడా.) నేనూ ఒక గ్లాసు తీసుకుని గుక్క వేశాను. లేత కొబ్బరినీళ్ళు.

“ఈ తీపి దేనికి ప్రతీకమ్మా?” అన్నారు సంచీ సారు, పెన్ను తీసి.

నేను గుమ్మం వైపు చూశాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది. నావైపు కాదు, గ్లాసుల వైపే చూస్తోంది. ఈలోగా బాబాయి అందుకున్నారు.

“ప్రతీకేముందండి, మా కోనసీమ మర్యాదండి. గడపలోకొచ్చినోళ్ళకి బొండాం కొట్టియ్యకుండా పంపమండి. మన చెట్లవేనండి, ఇంకోటి పుచ్చుకోండి.”

సంచీ సారు గబగబా రాసుకుని, “అంతేనామ్మా?” అని నావైపు తిరిగారు. పక్కనుంచి గైడు మేడమ్, చెప్పెయ్యి అన్నట్టు చూస్తున్నారు. ఆవిడకి తెలుసు గ్లాసుల్లో ఉండాల్సింది ఏమిటో. ఒక్క వాక్యం, డైరీలో ఎన్నిసార్లో దిద్దుకున్న వాక్యం, నాలుక చివరిదాకా వచ్చింది. బాబాయి కుర్చీ వెనకాల నాన్న, పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోకుండా, ఆ మోకాళ్ళతోనే నిలబడి ఉన్నారు.

“ఆయ్,” అని తలూపాను.

నా మూడు వివరణలూ ఆ ఒక్క ముక్కలో ముగిశాయి.

అందరూ వెళ్ళాక అమ్మ బావి చుట్టూ ఉన్న నూతిపళ్ళెం మీద గ్లాసులు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. నేను రేవుకి వెళ్ళినప్పుడు నీళ్ళు మార్చేసిందని అడగకుండానే తెలుస్తోంది. అర్థం కాకపోతే నన్ను అడగొచ్చు కదమ్మా అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. అమ్మ తలెత్తలేదు.

“అర్థం కాలేదని ఎవరన్నారే? పొద్దున్న నువ్వు చేదతో తోడి గ్లాసుల్లో పోస్తుంటేనే అర్థమయ్యింది. అందుకే పారబోసేను. ఒక్క గుక్క తాగితే మీ బాబాయికీ అర్థమయ్యుండేది. రేపట్నించి మీ నాన్న ఏ గట్టు మీద నిలబడతారే?”

కడిగిన గ్లాసొకటి అందుకుని తుడిచాను. అమ్మే మళ్ళీ అంది, “మన చెట్లవంట. మన చెట్లు బొండాలు కాసి ఎన్నాళ్ళయ్యింది? రాజోలు నించి తెప్పించేను.” దానికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు గ్లాసులన్నీ కడగడం అయ్యేదాకా కూడా నిలవలేదు.

ఆ పేపరులో నాకే అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. తన నేల మాధుర్యాన్ని ఎలాంటి ప్రేక్షకుడికైనా అందించగలదని సంచీ సారు రాశారట. ఆ మెప్పు పుణ్యమా అని ఇప్పుడు నగరంలో ఒక గ్యాలరీలో, వచ్చినవాళ్ళకి బొమ్మలు వివరించే ఉద్యోగం చేస్తున్నాను (నేను, నోరు పెగలని నేను). తమ పని ఎవరికీ అర్థం కావడం లేదని కళాకారులు నా దగ్గర వాపోతుంటారు. వాళ్ళకి టీ తెప్పిస్తాను, ఓదారుస్తాను. నా పని అర్థమైన ఒకే ఒక్క ప్రేక్షకురాలు ఏం చేసిందో మాత్రం చెప్పను.

ఇంటికెళ్ళినప్పుడల్లా అమ్మ టిన్ను వంచి ఆ గాజు గ్లాసుల్లోనే నీళ్ళిస్తుంది. తాగుతుంటే ఆ రోజు అరుగు మీద నిలబడ్డ పిల్ల కనిపిస్తుంది, చేతిలో గ్లాసు, నోట్లో ఒక వాక్యం. జాలేస్తుంది. కాస్త నవ్వూ వస్తుంది, ఎందుకంటే అంత ఉక్రోషంలోనూ ఆ పిల్ల గ్లాసు కింద పెట్టలేదు. అడుగుదాకా తాగేసింది. బొండాం నీళ్ళు చాలా బాగున్నాయి మరి.