మాస్టారి ఆవమడి

మొన్న బుధవారం పొద్దున్న ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మా పక్క క్వార్టర్ మాస్టారు పోయారు. ఏడుపు కంటే ముందు నాకు భయం పుట్టింది, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. ఆయన ఆవమడి నా చేతుల్లో ఉంది. అడుగుదామంటే ఇక ఆయన లేరు.

మా ట్రాఫిక్ రైల్వే కాలనీలో ఆయన్ని ఎరగనివారు లేరు. బడిలో వృక్షశాస్త్రం చెప్పేవారు. సెలవొస్తే గోల్‌బజార్‌లో కొట్టుకొట్టూ తిరిగి గుప్పెడేసి ఆవాలు తెచ్చేవారు. ఆవగింజకి ఇంత ఆరాటమేమిటని మా ఆయన నవ్వితే, వంటింట్లో ఒకటే పేరుగానీ మడిలో ఎవరి వంశం వారిదే అనేవారు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ అన్నీ దాయాదులేనని, నాలుగు రేకుల పువ్వే సాక్ష్యమని నాకు చూపించింది ఆయనే. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డు బొగ్గుమసి ఆకుల మీద పడితే తడిగుడ్డతో తుడిచేవారు. పూత వేళకి పాత పంచె చింపి సంచులు కుట్టి కొమ్మలకు తొడిగేవారు, తేనెటీగలు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటించకుండా. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

ఆయన ప్రాణమంతా ఒక్క డబ్బా మీద. శ్రీకాకుళం వైపు వాళ్ల ఊరి ఆవ అది. ఊళ్లో ఇప్పుడెవరూ చల్లడం లేదు, మిగిలిన విత్తనమంతా ఆ డబ్బాలోదే. ఈ ఏడు వానలు వెలిసేసరికి ఆయన మంచం పట్టి, మడీ డబ్బాలూ నాకప్పగించి ఆసుపత్రిలో చేరారు. బూజు పడుతుందేమోనని, కందిపప్పు ఎండబెట్టినట్టు డబ్బాలన్నీ తీసి చీర మీద ఆరబోశాను. గాలికి అంచు లేచింది. ఆ ఊరి ఆవా, ఇక్కడ అందరూ చల్లే తోరీ రకం ఆవా కలిసిపోయాయి. గింజ చూస్తే రెండూ ఒకటే. నోరు మూసుకుని చల్లేశాను.

రోజూ ఆసుపత్రికి జావ పట్టుకెళ్లి, చెప్పకుండానే తిరిగొచ్చేదాన్ని. పోయిన వారం ఇక దాచలేక చెప్పేశాను. ఆయన జావగిన్నె పక్కన పెట్టారు.

"ఏటి సేస్తాం. పూత రాకముందే సూడమ్మా. పై ఆకు కాండాన్ని పట్టుకునుంటే తోరీ. తొడిమతో ఎడంగా నిలబడితే మనది. తోరీ అంతా పీకేయ్. ఒక్కటి మిగిలి పూసినా ఇంక మనది మనది కాదు."

"నాకు తెలీకపోతే, మాస్టారూ?"

"నానొచ్చి సూస్తాను."

ఈ పొద్దున మడిలోకి దిగాను. తోరీ అనుకున్నవి పీకుతూ వస్తుంటే ఒక మొక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆకు కాండాన్ని పట్టుకున్నట్టూ ఉంది, పట్టుకోనట్టూ ఉంది. అలాగే వంగి నిలబడ్డాను. మొగ్గల కొసన అప్పుడే పసుపు కనిపిస్తోంది.