తొందరమ్మ ఆలస్యమైన రోజు

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఊరంతటికీ ఆమె తొందరమ్మ. కాన్పుల నర్సు. గడపలో చెప్పులు విడిచీ విడవకముందే లోపలున్న గర్భిణి చేయి పట్టుకుని నాడి చూసేది. "కాస్త మంచినీళ్లైనా తాగండక్కా" అంటే, "నీ బిడ్డ పుట్టాక తాగుతాలే" అనేది. అందరూ నవ్వేవారు.

ఈ మధ్య ఆ నవ్వులు తగ్గాయి. మొదట పక్క ఊరి ప్రసూతి కేంద్రానికి తాళం పడింది. తర్వాత దాని అవతలి ఊరి కేంద్రానికీ పడింది. ఆ ఊళ్ల గర్భిణుల భారమంతా ఆమె నెత్తినే పడింది. "నాకున్నవి రెండే కాళ్లు సార్" అని పై ఆఫీసులో మొత్తుకుంటే, "మోపెడ్ ఇచ్చాం కదమ్మా" అన్నారు. నెల నెలా చూడాల్సినవాళ్లను నెల విడిచి నెల చూడటం మొదలైంది. ఎక్కడో ఏదో చేయి జారబోతోందని ఆమె మనసు కీడు శంకిస్తూనే ఉంది. ఏ ఇంట్లోనో మాత్రం తెలియదు.

ఆ రోజు వానకు కాలువ పొంగి అడ్డదారి మునిగింది. చుట్టుదారిన, కుట్టుపని చేసుకునే ఒక అమ్మాయి ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ పిల్లకిది తొలిచూలు. ఏడో నెల దాటింది. భర్త లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు. తోడుగా ఉన్నది అత్తగారొక్కతే.

మిషను ముందు కూర్చుని ఆ అమ్మాయి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం పక్కనుంచి పోతోంది. కొస తడిచేసి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ పక్కకే పోయింది. తొందరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"పొద్దున్నుంచి కళ్ల ముందు మెరుపుల్లా వస్తున్నాయక్కా. తల పగిలిపోతోంది. నిద్ర చాలకేమో అనుకున్నా."

ముఖం ఉబ్బి ఉంది. కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. బీపీ చూసి, నమ్మలేక రెండో చేతికీ పట్టీ చుట్టింది. అదే అంకె, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

"పెద్దమ్మా, పెద్దాసుపత్రికి పోవాలి. ఇప్పుడే."

"కడుపుతో ఉన్నాక ఒళ్లు నీరు పట్టదా ఏంటి? నువ్వు గోరంత దాన్ని కొండంత చేస్తావు. వాణ్ణి రానీ, వెళ్తాం."

"మీవాడు వచ్చేసరికి ఈ పిల్ల ఉండకపోవచ్చు."

అత్తగారు కోడలి చీరలు సర్దడానికి లేచింది.

ఫిట్స్ రాకుండా వేసే మందు సంచిలో ఒక్కరికి సరిపడా మాత్రమే మిగిలింది. రెండు తుంట్లకూ ఆ ఇంజెక్షన్లు చేసింది. రేపు ఇంకో ఇంట్లో ఇదే జరిగితే? సంచి మూసి అంబులెన్సుకు ఫోను చేసింది.

అంబులెన్సు వేరే ఊరు పోయిందన్నారు. వీధి చివర కూరగాయల వ్యానతను తట్టలు దింపుతున్నాడు. సంగతి వినగానే మిగతావి దింపకుండానే బండి తీశాడు. వ్యాను కుదుపులకు తొందరమ్మ ఆ అమ్మాయి పొట్ట మీద చేయి వేసి కూర్చుంది. కొంతదూరం లోపల చిన్న కదలిక తెలిసింది. ఆ తర్వాత తెలియలేదు. అత్తగారు తొందరమ్మ ముఖంలోకే చూస్తోంది. తొందరమ్మ చేయి తీయలేదు, చూపూ కలపలేదు.

ఆపరేషను చేసి తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు తొందరమ్మ కొంగు పట్టుకుంది. "పోయిన నెల నువ్వొచ్చుంటే?"

పోయిన నెల రావాల్సిన రోజున తొందరమ్మ ఇంకో ఊళ్లో ఇంకో గర్భిణి దగ్గరుంది.

అమ్మాయి కోలుకుని ఇంటికొచ్చింది. తొందరమ్మ ఎలాగోలా వీలు చేసుకుని వారం వారం వెళ్లి బీపీ చూస్తోంది. ఇంతలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది: ఈ ఊరి ప్రసూతి కేంద్రాన్నీ మూసేస్తున్నారు, ఆమెను పట్నానికి బదిలీ చేస్తున్నారు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"వచ్చే నెల ఎప్పుడొస్తారక్కా?" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతున్నారు.

"వస్తానమ్మా" అంటోంది, వాళ్ల కళ్లలోకి చూడకుండా.