పాపాయి నాటిన బచ్చలి

స్టీలుప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసేనాటికి దేముడమ్మ కూతురు పాపాయి పోయి ఏడాది కూడా కాలేదు. ఆరేళ్ల పిల్ల, జ్వరంతో పోయింది. పసిపిల్ల కనుక కాల్చకుండా తమ జీడితోట గట్టున పూడ్చారు. పెరట్లో ఆ పిల్ల నాటిన బచ్చలి తీగ మాత్రం వంటింటి కప్పుదాకా పాకింది. దాని నల్లటి పళ్లు చిదిమి, ఊదారంగు రసం అరచేతులకు గోరింటాకులా పూసుకుని తిరిగేది పాపాయి.

గాజువాక దగ్గర ఇచ్చిన కాలనీలో రేకుల ఇల్లు వేసుకున్నాక భర్త అప్పలసూరి ఒకటే మాట అన్నాడు.

"మళ్లీ ఆ ఊరి పేరెత్తొద్దు. ఆ దిక్కెల్లొద్దు."

అయినా దేముడమ్మ వెళ్లింది. అతను కూలిపనికి పోగానే మేకలు తోలే ఆడవాళ్లతో కలిసి ప్లాంటువాళ్లు ఊరిచుట్టూ వేసిన కంచె దాటింది. తలుపులు, దూలాలు ఎవరివి వాళ్లు పట్టుకుపోగా మిగిలిన మొండిగోడల మధ్య, వానలకు బచ్చలి విరగబడి పెరిగి ఉంది. నాలుగాకులు కోద్దామని చెయ్యి వేసి ఆగిపోయింది. తీగకు పచ్చికాయలే ఉన్నాయి. పండిన పళ్లు ఒక్కటీ లేవు. గోడమీద ఊదా మరకలు ఇంకా తడిగా ఉన్నాయి.

ఆకు కోయకుండానే వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా అదే తంతు. పిట్టలు తిన్నాయనుకుందామంటే ఆ మరకలేమిటి? పిల్ల తిరుగుతోందనుకుంది. భయం వెయ్యలేదు. "పాపాయీ" అని పిలిచి, జవాబు కోసం చాలాసేపు నిలబడేది.

ఒక మధ్యాహ్నం గోడ అవతల అడుగుల చప్పుడైంది. తొంగిచూస్తే అప్పలసూరి. లుంగీ ఒడినిండా పళ్లు నింపుకుని జీడితోటవైపు పోతున్నాడు. ఆమె వెనకే నడిచింది. అక్కడ తోట లేదు. యంత్రాలు చెట్లనీ గట్లనీ కలిపి చదును చేసేశాయి. ఆ ఎర్రమట్టిలో అతను పళ్లు చిదిమి గింజలు చల్లుతున్నాడు.

"ఏటి సేత్తన్నావ్ మావా?"

అతను తల ఎత్తలేదు. "పిల్లనెక్కడ పూడ్సినామో ఆనవాలు దొరకలేదే. అందుకే అంతటా జల్లతన్నాను. ఏదో ఓ మొక్క దాని మీదే మొలుత్తాది కదా."

"నన్ను రావొద్దన్నావు."

"ఇది సూత్తే నువ్వు బతకవనుకున్నాను."

దేముడమ్మ అతని ఒడిలోంచి గుప్పెడు పళ్లు తీసుకుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ చల్లారు.

తర్వాతి వానలకు అక్కడక్కడా మొలిచాయి. ఏది పిల్లమీద మొలిచిందో తెలియక ప్రతి మొక్క దగ్గరా కాసేపు కూర్చున్నారు. ఆపైన రోడ్డు పడింది, గోడ లేచింది. లోపలికి పోవడానికి లేకపోయింది.

గోడ లేవకముందే ఆ తీగ నుంచి తెచ్చి కాలనీలో నాటిన కొమ్మ మొదట చచ్చి, ఇంకోటి నాటితే బతికి రేకులమీదికి పాకింది. ఇరుగుపొరుగు కోసుకుపోతుంటే దేముడమ్మ కాదనేది కాదు, తను మాత్రం నోట పెట్టేది కాదు. పక్కింటి నూకాలు నిండుచూలాలు. "నీ సేత్తో వండిపెట్టవా వదినా" అని అడిగితే, కంద వేసి, ఆవపెట్టి వండింది. అప్పలసూరి పనినుంచి వచ్చి, వాసనకి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికి కంచం తెచ్చుకుని కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ తిన్నారు.

కొన్నేళ్లకు అతనికి ప్లాంటులోనే పని దొరికింది. కొన్ని సాయంత్రాలు చెప్పులు విప్పుతూ అనేవాడు.

"ఇయ్యాల కాలవ పక్కన బచ్చలి కనిపించిందే."

"తుంచావా?"

"లేదు."

నిజంగా కనిపించిందా అని దేముడమ్మ ఏనాడూ అడగలేదు.