ఓట్లనాడు పొయ్యి ఆర్పిన ఆడవాళ్లం

మొన్న పొద్దున్నే మా కోడలికి ఫోను వచ్చింది. పెద్దకడుబూరు మండలం ఆఫీసులో మీటింగు, వార్డు మెంబర్లందరూ రావాలట. పెనం మీద జొన్నరొట్టె సగం కాలి ఉంది. "అత్తా, నువ్వు సూసుకో, నేను పోతాండా" అని చేతికంటిన పిండిని కొంగుకే తుడుచుకుని, బండి ఎక్కి వెళ్లిపోయింది. నేను పొయ్యి ముందు కూర్చున్నానే గానీ నా చూపు రొట్టె మీద లేదు, బండి పోయిన దారి మీదే ఉంది. రొట్టె మాడి బొగ్గయింది. మా కొడుకు దాన్ని వేలితో తట్టి, "ఇది రొట్టెనా మా, పలకనా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ మాడు వాసనకు నా పాతికేళ్ల వయసు గుర్తొచ్చింది.

నాకు సంతకం గీయడం తప్ప రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా ఈడు ఆడవాళ్లు ఇది చదివితే, లేదా ఎవరి చేతనైనా చదివించుకుని వింటే, మన ఊళ్లలో ఓట్ల రోజు ఎలా ఉండేదో వాళ్లకు నేను చెప్పనక్కర లేదు. కానీ పిల్లలకు తెలియదు. వాళ్లకు ఓట్లంటే సెలవు.

మా ఊళ్లో రెండు గేరులు. గేరి అంటే వీధి, మా సరిహద్దు పక్క అలాగే అంటాం. మాది కిందిగేరి, బడి ఉండేది పైగేరిలో. రెండు గేరులకూ నడుమ ఒక చేతిబోరింగు. అది దాటి అవతలికి పోతే మనిషి తిరిగొస్తాడో లేదో తెలియని కాలం. పగ ఎందుకు మొదలైందో నేను కాపురానికి వచ్చేనాటికే ఎవరికీ సరిగా గుర్తులేదు, ఒకరు పొలం గట్టు అనేవారు, ఒకరు పీర్ల పండగ దగ్గర మాటామాటా అనేవారు. కారణం పోయి కత్తులు మిగిలాయి. నా కొడుకు ఇంకా పాలు మానక ముందే, వేరుశనగ విత్తనాలు అడగడానికి పైగేరికి పోయిన నా మొగుణ్ని బడిగోడ పక్కన నరికేశారు. మరుసటి ఏడు పైగేరి సాయిబుల ఇంటి పిల్లవాణ్ని, మీసం కూడా రాలేదు పాపం, పత్తిచేనులో చంపారు. వాణ్ని చంపింది మావాళ్లు. మా చావు చెప్పి వాళ్ల చావు చెప్పకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు.

ఆ పిల్లవాడికి ఒక అక్క ఉండేది. నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద, మొగుడు వదిలేసి పోతే పుట్టింట్లోనే ఉండేది. నేనూ ఆమే ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో కూలికి పోయేవాళ్లం. ఒకటే బస్సు, ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. దిగినాక కూడా రోడ్డుకు ఆ పక్క ఒకరం, ఈ పక్క ఒకరం నడిచేవాళ్లం. మిల్లు మేస్త్రీకి మా గేరులేం తెలుసు? ఇద్దరినీ ఒకే పత్తికుప్ప ముందు కూర్చోబెట్టి, కాయతొక్కలు, పుల్లలు ఏరమన్నాడు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి ఏరేవాళ్లం. ఆ దూదిధూళి గొంతులో పడితే దగ్గు ప్రాణం తీసేది. ఒకరోజు నేను దగ్గి దగ్గి కిందికి వాలిపోతుంటే ఆమె తన కొంగుముడి విప్పి ఒక బెల్లం ముక్క నా పక్కకు తోసింది. తినాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి తిన్నాను. మరునాడు నేను బెల్లం తీసుకుపోయాను. మాటలు కలవడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. కలిసినాక మాత్రం అక్కా అనే పిలిచాను. మిల్లు గేటు లోపల అక్క, ఊళ్లో బస్సు దిగితే ఎవరో.

అలా ఉండగా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచి సీటు మొదటిసారి ఆడవాళ్లకు కేటాయించారు. మా గేరికి పెద్ద మా మామ తమ్ముడు, నేను చిన్నమామ అనేదాన్ని. ఆయన మా గుడిసె ముందుకు వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు. "సూడు మే, ఈ తూరి ఆడోళ్ల సీటు. నిన్ను నిలబెడతాండాం. నువ్వు సేసేదేం లేదు. దండం పెట్టు, ఏడుపొస్తే ఏడువు, సాలు." చంపబడ్డ వాడి పెళ్లాం కదా, జాలి ఓట్లు పడతాయని ఆయన లెక్క. గెలిస్తే వేలిముద్ర నాది, కుర్చీ ఆయనది. నేను తలొంచుకుని విన్నాను. వద్దనడానికి ఒక ధైర్యం కావాలి, సరేననడానికి ఇంకో ధైర్యం కావాలి, నా దగ్గర రెండూ లేవు.

మరునాడు మిల్లులో సద్దిమూట విప్పుతూ అక్కతో ఈ మాట చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసి, పడీపడీ నవ్వి, నవ్వు దగ్గయి, దగ్గు కళ్లనీళ్లయి, "నన్ను గూడా నిలబెట్టినారు మే!" అంది. "సచ్చిపోయిన తమ్ముని పటం సంకలో పెట్టుకోని ఇల్లిల్లూ తిరుగు అన్నాడు మా గేరి పెద్దాయన."

"నన్ను ఏడవమన్నాడు" అన్నాను.

"అట్లయితే నీదే సులువు."

ఎదురెదురుగా నిలబడిన ఇద్దరం ఒకే గిన్నెలో చేయి పెట్టి అన్నం తిన్నాం. తింటూ తింటూ అక్క అడిగిన మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. "అవును మే, ఓటు ఎట్లుంటాది? కాగితమా, బిళ్లా?" ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. మా ఇద్దరికీ ఓటు వయసు ఎప్పుడో వచ్చింది, కానీ ఒక్కసారీ వేసి ఎరగం.

ఎందుకంటే మా ఊళ్లో ఓట్ల రోజు ఆడవాళ్లకు వంట పని. చిన్నమామ వాకిట్లో వరసగా పొయ్యిలు తవ్వేవారు. చీకటితోనే గేరిలోని ఆడవాళ్లందరం అక్కడ చేరి రొట్టెలు తట్టాలి, పొట్టేళ్ల కూర వండాలి. మగవాళ్లు బడి చుట్టూ కాపలా కాసి, వంతులవారీగా వచ్చి తినిపోయేవాళ్లు. సాయంత్రం ఎవరో వచ్చి, మీ ఓట్లు పడిపోయినాయి, పోండి అనేవాడు. పైగేరిలోనూ వాళ్ల పెద్దాయన వాకిట్లో ఇదే తంతు. ఊరు రెండు ముక్కలైనా ఈ ఒక్క పద్ధతిలో మాత్రం తేడా లేదు. ఎవరు వేసేవారో, ఎవరికి వేసేవారో, మేము అడగలేదు. అడగాలని కూడా తోచేది కాదు, అదీ అసలు సంగతి.

ఆ పత్తికుప్ప ముందే మాకు తోచింది. ఎవరు గెలిస్తే ఏమి, ఈసారి మన ఓటు మనం చూడాలి అనుకున్నాం. బడి పైగేరిలో ఉంది గనుక నేను, మా గేరి ఆడవాళ్లు బోరింగు దాటాలి, నా మొగుడు పడిన గోడ పక్కగా పోవాలి. అక్కడ ఒక్క రాయి పడినా, ఒక్క నాటుబాంబు పేలినా, మళ్లీ ఏళ్ల తరబడి రక్తం. అక్కే ఉపాయం చెప్పింది. మీ గేరి మనిషి ఒకతె, మా గేరి మనిషి ఒకతె, మళ్లీ మీది, మళ్లీ మాది, వరసగా నిలబడదాం. ఎవడైనా రాయి వేయాలనుకుంటే వాని అమ్మ మీదే పడుతుంది, చూస్తాం ఎట్లా వేస్తాడో అంది. ఎమ్మిగనూరు బస్సు వచ్చి హారను కొట్టిన వెంటనే రెండు వాకిళ్లలోనూ పొయ్యిలు ఆర్పాలని ఒప్పుకున్నాం. ఈ కబురు పత్తి తీయబోయిన చేలల్లో, కట్టెలకు పోయిన దారుల్లో, పేన్లు చూసుకునే నెపంతో ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి పోయింది. కొందరు సరే అన్నారు. కొందరు మొగుడు చంపుతాడన్నారు. వాళ్లను తప్పు పట్టను, నన్ను చంపడానికి నాకు మొగుడే లేడు.

ఓట్ల రోజు వచ్చింది. సర్పంచికి పోటీ చేసే మనిషిని, చీకటితో లేచి, పిండిలో మోచేతుల దాకా మునిగి కూర్చున్నాను. ఒక్కరికీ అది వింతగా తోచలేదు. తినడానికి వచ్చిన మా మరిది, "ఏం సర్పంచి వదినా, కూరలో ఉప్పెక్కువైంది. ఊరిని ఇట్లే ఏలతావా?" అన్నాడు. "ముందు నీకు గడ్డి పెట్టి మొదలుపెడతాలే" అన్నాను. అందరూ నవ్వారు, కానీ నా చెవులు బస్సు మీదే ఉన్నాయి. హారను వినబడింది. నేను పొయ్యిలోంచి కట్టెలు లాగి చెంబెడు నీళ్లు పోశాను. పొగ లేచింది. ఒక్కరూ కదల్లేదు. ఎవరి పొయ్యి ముందు వాళ్లు నన్ను చూస్తూ ఉండిపోయారు. అంతా చెడిందనుకున్నాను.

అప్పుడు లేచింది మా అత్త. కొడుకును పోగొట్టుకున్న మనిషి, పైగేరి పేరెత్తితే మట్టి చల్లి శపించే మనిషి. ఆమెకు మేమెవరమూ ఈ సంగతి చెప్పనే లేదు, భయపడి. ఆమె చెవిన ఎట్లా పడిందో ఏమో. తన ముందున్న పొయ్యిలో బిందెడు నీళ్లు గుమ్మరించి, "లెయ్యండే. నా కొడుకు పడిన తావు యాడుందో నేను గూడా సూడల్ల" అంది. ఆ తర్వాత పొయ్యిలు ఒకదాని వెంట ఒకటి బుస్సుమన్నాయి. వాకిలంతా పొగ, దగ్గు, మాడిన రొట్టెల వాసన. మా మరిది చేతిలో ముద్ద పట్టుకుని నోరు తెరుచుకు నిలబడ్డాడు.

బోరింగు దగ్గరికి చేరేసరికి అవతలి నుంచి అక్కావాళ్లు వస్తున్నారు. వాళ్ల చేతులూ తెల్లగా పిండితోనే ఉన్నాయి. నా వెనక అక్క, అక్క వెనక మా అత్త, ఆమె వెనక పైగేరి ముసలామె ఎవరో, అలా జడ అల్లినట్టు కలిసి నడిచాం. రెండు గేరుల మగవాళ్లూ లేచి నిలబడ్డారు. ఎవరి చేతుల్లో ఏమున్నాయో నేను చూడలేదు, చూస్తే నడవలేననుకున్నాను. గోడ దగ్గర మా అత్త ఒక్క క్షణం ఆగి, గోడను అరచేత్తో తడిమింది. పిండి చేయి గదా, గోడకు ముద్ర పడింది. వెనకున్న పైగేరి ముసలామె తొందరపెట్టలేదు, మా అత్త చేయి తీసేదాకా నిలబడింది.

బడి గేటులో చిన్నమామ అడ్డొచ్చాడు. "యాడికి మే? ఆడ వంట ఎవరు సేస్తారు?"

"ఓటేసొచ్చి సేస్తాం చిన్నమామా. అంత ఆకలైతే పిండి కలిపే పెట్టినాం, మీరే తట్టుకోండి."

కాపలా ఉన్న పోలీసాయన నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకున్నాడు. చిన్నమామ నన్ను కొట్టి ఉండేవాడే, కానీ నా వెనక నిలబడింది అక్క. ఆమె మీద చేయి పడితే పైగేరి లేస్తుంది, పైగేరి లేస్తే వరసలో ఉన్న తన పెళ్లామే ముందు నలుగుతుంది. ఆయన పక్కకు జరిగాడు.

లోపల పంతులు నా పేరు పైకి చదివాడు. కాపురానికి వచ్చింది మొదలు ఆ ఊళ్లో నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు, ఎవరినో అనుకుని వెనక్కి చూశాను. కాగితం ఇచ్చారు. ఓటు కాగితమే. అట్ట చాటుకు పోయి చూస్తే నా గుర్తు, కింద అక్క గుర్తు. ఎంతసేపు నిలబడ్డానో, త్వరగా కానిమ్మని కేకేశారు.

అక్క గెలిచింది. కొద్ది ఓట్ల తేడాతో నేను ఓడాను. మొదట్లో కుర్చీలో వాళ్ల పెద్దాయన కూర్చుంటే, అక్క రోజూ పోయి ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని పత్తిమిల్లు దగ్గు దగ్గేదట. విసుగొచ్చి ఆయనే లేచిపోయాడని ఊరంతా నవ్వుకుంది. ఆమె వేయించిన మొదటి కొళాయి కిందిగేరిలో, మా అత్త ఇంటి ముందు. కొట్లాటలు ఒక్క రోజులో ఆగాయని అబద్ధం చెప్పను, ఆ తర్వాత కూడా తలలు పగిలాయి. కానీ ఓట్ల రోజు పొయ్యిలు తవ్వడం మా ఊళ్లో మళ్లీ జరగలేదు. తర్వాత ఎన్నికల్లో నేను మెంబరుగా గెలిచాను, చిన్నమామను అడగకుండానే నిలబడి గెలిచాను. అక్కను చివరికి ఆ దూదే తీసుకుపోయింది. ఆమె జనాజా, అంటే పాడె, మా గేరి మీదుగా పోతుంటే మా మగవాళ్లు కూడా భుజం పట్టారు.

నేను ఓటు ఎవరికి వేశానని చిన్నమామ చాలాసార్లు అడిగాడు. బెదిరించి అడిగాడు, తర్వాత బతిమాలి అడిగాడు. మా అత్త మంచంలో పడి కూడా అడిగింది. అడగనిది అక్క ఒక్కతే, నేనూ ఆమెను అడగలేదు. ఇప్పటి ఆడపిల్లలు ఎవరికి వేస్తున్నారో ముందే చెప్పేస్తారు, ఫోనుల్లో పెడతారు, మొగుడు ఒక పక్క, తాము ఒక పక్క అని వీధిలో నిలబడి వాదిస్తారు. చూస్తే కడుపు నిండుతుంది. భయం పోయినాక దాచుకోవడం ఎందుకు? అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, దాచుకోవడంలో ఎంత సుఖం ఉండేదో వీళ్లకు ఇక తెలియదు గదా అని. నా మొగుణ్ని, నా వయసును, నా ఊపిరిని ఎవరెవరో తీసుకున్నారు. ఆ అట్ట చాటున వేసిన ముద్ర మాత్రం ఇప్పటికీ నా ఒక్కదానిదే. చెప్పను.